ముఖర్జీ నగర్ పొయ్యిల మీద పది ఊళ్ళ వంట

ముఖర్జీ నగర్ పేరు వినగానే తెలుగిళ్ళలో ముందుగా తట్టేది సివిల్స్ కోచింగ్. 2023లో ‘ట్వెల్త్ ఫెయిల్’ సినిమా వచ్చాక ఆ పేరు తెలియనివాళ్ళకి కూడా తెలిసింది. బాత్రా సినిమా హాలు చుట్టుపక్కల గోడల నిండా ర్యాంకర్ల ఫొటోలు, జిరాక్సు షాపుల ముందు నోట్సు కట్టలు, అగ్గిపెట్టెల్లాంటి గదులు, టీ బండి దగ్గర పొద్దుపోయేదాకా రాజ్యాంగం మీద వాదనలు. ఆ సినిమాలో హీరో చదువుకుంటూనే పిండిమరలో పనిచేస్తాడు. చూసినవాళ్ళు అతని కష్టానికి కళ్ళు తుడుచుకున్నారు. నా మనసు మాత్రం ఆ పిండి దగ్గరే ఆగిపోయింది. అది ఎవరింటికి వెళ్తుంది? దాన్ని ఎవరు రొట్టె చేస్తారు, ఎవరు లిట్టీ చేస్తారు, ఎవరు డబ్బాలో సర్ది మూడో అంతస్తు గది ముందు పెట్టి వస్తారు? పరీక్షలు రాసేవాళ్ళ మీద సినిమాలు, సిరీస్‌లు, నవలలు వచ్చాయి. వాళ్ళకి పూటపూటా అన్నం పెట్టేవాళ్ళ మీద రాసింది బహు తక్కువ. ఈ వారం కథ వాళ్ళది.

వీళ్ళలో చాలామంది ఢిల్లీలో పుట్టినవాళ్ళు కారు. బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, మణిపూర్, నాగాలాండ్, మిజోరం కొండల నుంచి వచ్చినవాళ్ళు, కొంచెం అవతల మజ్నూ కా టీలాలో టిబెట్ నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. చేతిలో పెద్ద పెట్టుబడి లేదు, హోటల్ మేనేజ్‌మెంట్ చదువు లేదు. ఇంట్లో అమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో నేర్చుకున్న వంటే ఆస్తి. ఆ ఒక్క ఆస్తి మీద అద్దె కడుతున్నారు, పిల్లల్ని చదివిస్తున్నారు, ఊరికి డబ్బు పంపుతున్నారు. పైగా ఆ వంటని పరాయి ఊళ్ళో మారిపోకుండా కాపాడుతున్నారు. పెద్ద హోటళ్ళలో దేశమంతా ఒకే మెనూ, ఒకే గ్రేవీ అయిపోతున్న రోజుల్లో ఇది చిన్న పని కాదు.

శరణార్థుల తందూరు

పసుపు లైను మెట్రోలో జీటీబీ నగర్ స్టేషన్ దగ్గర దిగితే ముఖర్జీ నగర్ కూతవేటు దూరం. స్టేషను 2009లో వచ్చింది. పాతవాళ్ళు ఆ చోటుని ఇప్పటికీ కింగ్స్‌వే క్యాంప్ అనే అంటారు. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన లక్షలాదిమందికి ఢిల్లీలో ఎన్నో శిబిరాలు వేశారు. అందులో పెద్దది ఇక్కడిదే. పక్కనున్న హడ్సన్ లైన్, ఔట్రమ్ లైన్ పేర్లు తెల్లవాళ్ళ కాలం నాటివి, మనుషులు మాత్రం లాహోర్, ముల్తాన్, రావల్పిండి వైపు నుంచి వచ్చినవాళ్ళు.

ఈ రోజు మనం ఢిల్లీ తిండి అని లొట్టలు వేసుకుంటూ తినేదాంట్లో సగం వాళ్ళు తెచ్చిందే. పంజాబ్ పల్లెల్లో వీధికో ఉమ్మడి తందూరు ఉండేది. ఇంటింటి ఆడవాళ్ళు పిండి ముద్దలు పట్టుకొచ్చి అక్కడే రొట్టెలు కాల్చుకుని కబుర్లు చెప్పుకుని వెళ్ళేవాళ్ళు. ఆ తందూరు శరణార్థులతో పాటు ఢిల్లీ వీధుల్లోకి వచ్చింది. పెషావర్ నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, ఆయన భాగస్వాములు దరియాగంజ్‌లో 1947లో పెట్టిన ‘మోతీ మహల్’ వల్ల తందూరీ చికెన్ దేశమంతా పాకింది. ఇవాళ గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ ‘నార్త్ ఇండియన్’ పేరుతో అమ్ముతున్న రొట్టె, చికెన్ వెనక ఒక శరణార్థి జీవితం ఉందని మనకి ఎవరూ చెప్పలేదు. ఊరు పోగొట్టుకున్నవాడు పొయ్యి వెలిగించాడు, ఆ వెలుగులో రాజధానికి కొత్త రుచి దొరికింది. ముఖర్జీ నగర్‌లో తర్వాత జరిగినదంతా ఈ కథకి కొనసాగింపే.

1959లో దలైలామా భారతదేశానికి వచ్చాక ఆయన వెంట వేలమంది టిబెటన్లు కొండలు దాటారు. వాళ్ళలో కొందరు యమున ఒడ్డున, మజ్నూ కా టీలా గురుద్వారా దగ్గర 1960ల తొలి రోజుల్లో గుడిసెలు వేసుకున్నారు. మొదట్లో వాళ్ళు బతికింది ఛాంగ్ అనే ఇంటి కల్లు కాచి అమ్ముకుని. ఇప్పుడు ఆ సందుల్లో ఢిల్లీ యూనివర్సిటీ పిల్లలు లాఫింగ్ కోసం క్యూ కడుతున్నారు. పెసర గంజి ముద్దని పల్చటి పొరగా పోసి, గడ్డకట్టాక చుట్టి కోసి, వెల్లుల్లి నీళ్ళు, ఎర్రటి కారం నూనె, వెనిగర్, సోయా పోసి ఇచ్చే చల్లటి వంటకం అది. నోట్లో పెట్టుకుంటే జారిపోతుంది, వెనకాలే కారం తగులుతుంది. మే నెల ఎండలో దానికి సాటి లేదు. మోమో మనందరికీ తెలిసిందే, హైదరాబాద్‌లో గల్లీకొకటి ఉంది. లాఫింగ్ కోసం మాత్రం ఇక్కడికి రావాలి.

నిప్పు మీద లిట్టీ

ముఖర్జీ నగర్ ఎక్కువగా హిందీ మీడియం అభ్యర్థుల పేట. మన తెలుగు పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం కోచింగ్ కోసం పాత రాజేంద్ర నగర్, కరోల్ బాగ్ వైపు చేరతారు. ఇక్కడ వినపడేది భోజ్‌పురి, మైథిలి, మగహీ, అవధి. కాబట్టి సాయంత్రం బండి మీద కనపడేది లిట్టీ చోఖా.

దాన్ని చేస్తుంటే నిలబడి చూడాలి. గోధుమపిండి ముద్దని అరచేతిలో పెట్టి బొటనవేలితో గుంట చేస్తారు. అందులోకి సత్తు కూరుతారు. సత్తు అంటే వేయించిన శనగల పిండి. ఉత్తినే ఉండదు, అందులో తరిగిన ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, వాము, నల్ల జీలకర్ర, ఊరగాయ మసాలా, నిమ్మరసం, పచ్చి ఆవనూనె కలిపి ఉంటాయి. ముద్ద అంచులు దగ్గరికి లాగి మూసి, చేతుల మధ్య గుండ్రంగా తిప్పి, బొగ్గుల మీద పేరుస్తారు. పల్లెలో అయితే పిడకల మీద. ఒకవైపు కాలాక వేళ్ళతోనే తిప్పుతారు, పట్టకారు వాడేవాళ్ళు తక్కువ. పైన చిన్న పగులు వచ్చిందంటే లోపల సత్తు వేడెక్కింది అని. అప్పుడు గుడ్డలో వేసి బూడిద దులిపి, నెయ్యి గిన్నెలో ముంచి తీస్తారు. పక్కన చోఖా. నిప్పులో కాల్చిన వంకాయ, టమాటా, ఉడికిన బంగాళదుంప కలిపి మెదిపి, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, మళ్ళీ ఆవనూనె. చింతపండు వేసి తాలింపు పెట్టరు కానీ, మన కాల్చిన వంకాయ పచ్చడికి ఇది తోబుట్టువే. ఆవనూనె ఘాటు మొదటిసారి మన ముక్కుని ఇబ్బంది పెట్టే మాట నిజమే. రెండోసారికి అలవాటవుతుంది, మూడోసారి అదే కావాలనిపిస్తుంది.

లిట్టీ పొలానికి, ప్రయాణానికి పుట్టిన తిండి. పాత్ర అక్కర్లేదు, చెడిపోదు, ఒక్కటి తింటే కడుపు నిలుస్తుంది. చేతిలో డబ్బు లెక్కపెట్టుకుని ఖర్చుపెట్టే విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున నీళ్ళలో కలిపిన సత్తు షర్బత్, సాయంత్రం లిట్టీ, రాత్రి మెస్ డబ్బా. ఇలాగే ఏళ్ళు గడిపి కలెక్టర్లయినవాళ్ళు ఉన్నారు, ఇలాగే ఏళ్ళు గడిపి ఊరికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. బండివాడు ఇద్దరికీ ఒకే నెయ్యి పోశాడు.

మెస్ డబ్బా నడిపేవాళ్ళ పని ఇంకా కష్టం. వీళ్ళ వంటగది చాలావరకు ఇంటి వంటగదే. భర్త సరుకులు తెస్తాడు, భార్య వండుతుంది, కొడుకు సైకిల్ మీద డబ్బాలు పంచి ఖాళీ డబ్బాలు తెస్తాడు. నెలవారీ ఖాతా. ఎవరికి ఉల్లి పడదో, ఎవరు మంగళవారం ఉపవాసమో, ఎవరికి జ్వరం వస్తే కిచిడీ పంపాలో అన్నీ ఆ ఇల్లాలి బుర్రలోనే ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక గదులు ఖాళీ అయిపోయాయి. ఖాతాలు ఆగిపోయాయి. 2023 జూన్‌లో ఇక్కడి కోచింగ్ భవనంలో మంటలు లేచి పిల్లలు కిటికీల్లోంచి తాళ్ళు పట్టుకుని దిగిన దృశ్యం దేశమంతా చూసింది. 2024 జూలైలో పాత రాజేంద్ర నగర్‌లో నేలమాళిగ లైబ్రరీలోకి వరద నీరు చేరి ముగ్గురు అభ్యర్థులు చనిపోయాక ఇక్కడా నేలమాళిగలకి సీళ్ళు పడ్డాయి. ప్రాణాలు కాపాడటానికి ఆ చర్యలు కావలసినవే. అయితే ఒక కోచింగ్ సెంటరు మూతపడ్డా, వేరే చోటికి తరలిపోయినా ఫీజు వాపసు ఎంతొస్తుందని అందరూ అడిగారు, డబ్బావాళ్ళ గతేమిటని అడిగినవాళ్ళు కనపడలేదు.

కొండల నుంచి వచ్చిన కమ్మదనం

ఇక అసలు మాటకి వస్తాను. ముఖర్జీ నగర్, గాంధీ విహార్, నెహ్రూ విహార్, విజయ్ నగర్ ప్రాంతాల్లో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్నారు. చదువు కోసం వచ్చినవాళ్ళు, మాల్స్‌లో, ఆస్పత్రుల్లో, కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళు, 2023 మే 3న మణిపూర్‌లో హింస మొదలయ్యాక ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. వీళ్ళ కోసం వీళ్ళే పెట్టుకున్న చిన్న చిన్న తిండిళ్ళు, సరుకుల కొట్లు ఇక్కడి సందుల్లో ఉన్నాయి. ఎక్కువ చోట్ల నడిపేది ఆడవాళ్ళు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఇంఫాల్‌లో ఇమా కైథేల్ అని వేలమంది ఆడవాళ్ళే దుకాణాలు పెట్టుకునే బజారు ఉంది. 1939లో బియ్యం బయటికి తరలిస్తుంటే ఇక్కడ తినడానికి గింజ లేదని తిరగబడింది కూడా మణిపూర్ ఆడవాళ్ళే. దాన్ని నూపీ లాన్ అంటారు, ఆడవాళ్ళ యుద్ధం. తిండి మీద హక్కు కోసం పోరాడిన అమ్మమ్మల మనవరాళ్ళు ఢిల్లీలో వంట చేసి బతకడానికి జంకుతారా?

వాళ్ళ ఎరోంబా చూడండి. బంగాళదుంప, వెదురు కొమ్ములు, దొరికితే యోంగ్‌చాక్ అనే పొడవాటి కాయలు మిరపకాయలతో కలిపి ఉడికిస్తారు. ఙారీ అనే పులియబెట్టిన చేపని నిప్పు మీద కాల్చి అందులో వేసి మెదుపుతారు. పైన సువాసన ఆకులు తరిగి చల్లుతారు. చుక్క నూనె ఉండదు, పసుపు, ధనియాలు ఉండవు. అయినా పళ్ళెంలో అన్నం మిగలదు. ఙారీ తయారీ ఒక విద్య. చిన్న చేపల్ని ఎండబెట్టి, కడిగి, కుండల్లో గట్టిగా కూరి, గాలి చొరబడకుండా మూతి మూసి నెలల తరబడి ఉంచుతారు. మన పాతకాలపు జాడీ ఊరగాయ పెట్టిన చేతులకి ఈ ఓపిక ఏమిటో చెప్పక్కర్లేదు.

నాగా ఇళ్ళలో అఖూనీ. సోయా గింజలు మెత్తగా ఉడకబెట్టి, నీళ్ళు వంపేసి, ఆకులు పరిచిన వెదురు బుట్టలో పొయ్యి పక్కన వెచ్చగా పెడతారు. కొన్నాళ్ళకి జిగురు పడుతుంది, వాసన తేలుతుంది. అప్పుడు దంచి ఆకుల్లో పొట్లాలు కడతారు. పొయ్యి పైన అటక మీద పొగకి ఆరిన పంది మాంసంలో ఆ పొట్లం విప్పి వేసి, రాజా మిర్చి తగిలిస్తారు. ఆ మిర్చికి 2008లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుంటూరు మిర్చి తిన్నవాళ్ళం కదా అని ధీమాగా ఉండకండి, రాజా మిర్చి ముందు మన మిర్చి మంచి పిల్ల.

మిజో ఇళ్ళలో బాయ్ అనే ఆకుకూరల పులుసు, ఖాసీ ఇళ్ళలో నల్ల నువ్వులతో వండే పంది మాంసం దోనేయియోంగ్, అస్సామీల మాసోర్ టెంగా అనే పుల్లటి చేపల పులుసు, మణిపూర్ నల్ల బియ్యం చాక్‌హావో పాయసం. ఇన్ని ఊళ్ళవి, ఇన్ని రకాలు. వీటన్నిటికీ కలిపి ఢిల్లీ పెట్టిన పేరు ‘నార్త్ ఈస్ట్ ఫుడ్’. బోర్డు మీద రాసేది మోమో, చౌమీన్.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది గోంగూర. అవును, మన గోంగూరే. మిజోలు ఆంథూర్ అంటారు, అస్సామీలు టెంగామోరా అంటారు, మణిపూర్‌లో సిలో సౌగ్రీ అనే దగ్గరి చుట్టం ఉంది. గోంగూర మా సొత్తు అని ఛాతీ విరుచుకునే మనకి ఈ సంగతి తెలిస్తే ఎంత బాగుంటుందో! ఒకే పులుపుని చేపతో వాళ్ళు ఉడికించుకుంటారు, ఎండు మిరపకాయలతో మనం నూరుకుంటాం. వెదురు కొమ్ములూ అంతే. పాడేరు, అరకు ఏజెన్సీలో వానాకాలం వస్తే ఆదివాసీలు వెదురు కొమ్ములు కోసి కూర వండుకుంటారు. మైదానంలో ఉన్న మనం బొంగు చికెన్ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తాం, ఆ కూర రుచి చూడం.

ఈ వంటలు ఢిల్లీలో ఉత్తినే నిలబడలేదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం జాగ్రత్తల పుస్తకం ఒకటి వేశారు. రాసిన అధికారి కూడా ఈశాన్యం నుంచి వచ్చినవాడే. వెదురు కొమ్ములు, అఖూనీ వంటి వాసన వచ్చే వంటలు ఇరుగుపొరుగు గొడవ చేయకుండా చూసుకుని వండుకోండని అందులో సలహా ఉంది. దెబ్బలు తగలకుండా ఉండాలంటే ఏం తినకూడదో చెప్పే పుస్తకం అన్నమాట! దాని మీద అప్పట్లో పెద్ద విమర్శ వచ్చింది. అఖూనీ వండుకోవడానికి ఒక వంటగది దొరక్క అద్దె గదుల్లో తిప్పలు పడే కుర్రవాళ్ళ మీద 2019లో ‘ఆఖోనే’ అనే సినిమానే వచ్చింది. నికొలస్ ఖర్కొంగోర్ తీశాడు. అది జరిగేది దక్షిణ ఢిల్లీ హుమాయూన్‌పూర్‌లో, కానీ ముఖర్జీ నగర్‌లో అద్దెకున్న ఏ నాగా పిల్లకైనా అది సొంత కథే. 2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజు రాత్రి, ఈ పక్కనే విజయ్ నగర్‌లో సరుకులకి బయటికొచ్చిన మణిపూర్ అమ్మాయి మీద ఒక మగవాడు ‘కరోనా’ అని అరిచి ఉమ్మేశాడు. ముఖర్జీ నగర్ పోలీస్ స్టేషన్లో కేసు పెట్టారు, మూడు రోజులకి పట్టుకున్నారు. అలాంటి వీధిలోనే పొద్దున్నే షట్టర్ ఎత్తి, ఙారీ కాల్చి, నలుగురికీ అన్నం పెట్టడానికి కూర్చునే ఆడమనిషికి ఎంత గుండెధైర్యం కావాలి! నేను వాళ్ళని వ్యాపారులు అని మాత్రమే అనలేను.

వాసన గురించి మనం మాట్లాడే ముందు మన ఇంటి సంగతి గుర్తుచేసుకోవాలి. ఎండు రొయ్యలు వేయిస్తే, ఉప్పు చేప పులుసు పెడితే ఎదురింటి తలుపు ధడాలున మూసుకున్న అనుభవం కోస్తావాళ్ళకి కొత్త కాదు. ఇంగువ, మెంతులు, ఆవకాయ వాసనలకి ముక్కు చిట్లించే పొరుగువాళ్ళు పై దేశాల్లో మనవాళ్ళకి ఇప్పటికీ ఎదురవుతూనే ఉన్నారు.

ఒక్క పేరు కింద అందరినీ కుక్కడం

ఢిల్లీలో మనం కూడా ఈ బాధ పడ్డవాళ్ళమే. వింధ్యకి దక్షిణాన ఉన్నవాళ్ళంతా ‘మద్రాసీ’లు, అందరి తిండీ ఇడ్లీ, దోసె, సాంబారు. పెసరట్టుకీ దోసెకీ తేడా చెప్పే అవకాశమే రాదు. ఆ గోడ కొంచెమైనా బద్దలైందంటే అశోకా రోడ్డులో ఆంధ్ర భవన్ క్యాంటీన్ పుణ్యం. ముద్దపప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి కోసం తెలుగు ముక్క రాని ఢిల్లీవాళ్ళు ఎండలో నిలబడి టోకెన్ తీసుకుంటున్నారు. ఆదివారం బిర్యానీకి ఇంకా రద్దీ. ప్రభుత్వ భవనంలో ప్రభుత్వ అండతో నడిచింది కాబట్టి మన తిండికి గౌరవం దక్కింది. అద్దె గదిలో ఒక్క సిలిండర్ మీద నడిచే ఎరోంబాకి, లిట్టీకి ఆ అండ ఎక్కడుంది?

ప్రపంచంలో ఇంకోచోట ఇదే కథ నడిచిన తీరు తెలుసుకోదగ్గది. మెక్సికన్ తిండి అంటే జున్ను పోసిన చిప్స్, టాకో అని అమెరికా చాలాకాలం అనుకుంది. మెక్సికోలో మాత్రం జిల్లాకొక వంట. వహాకా రాష్ట్రంలో మోలే అనే చిక్కటి పులుసులే ఏడు రకాలని చెప్పుకుంటారు. ఎండు మిరపకాయలు, నువ్వులు, గింజలు, మసాలాలు వేయించి రుబ్బి, కొన్నిటిలో చాక్లెట్ కూడా వేసి గంటల తరబడి మరిగిస్తారు. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టి రుబ్బిన పిండితోనే రొట్టె. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు పత్రంలో మిచోఅకాన్ రాష్ట్రపు వంటనే నమూనాగా చూపారు, ఆ వంటని నిలిపింది పల్లెటూరి ఆడవాళ్ళు. 1994లో వహాకా నుంచి వచ్చిన ఒక కుటుంబం లాస్ ఏంజెలెస్‌లో ‘గెలగెట్సా’ అనే హోటల్ పెట్టింది. అమెరికన్ల కోసం రుచి మార్చలేదు, తమ ఊరివాళ్ళ కోసం ఊరి రుచే వండారు. 2015లో అమెరికాలో వంటవాళ్ళకి పెద్ద గౌరవంగా భావించే జేమ్స్ బియర్డ్ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. కాలిఫోర్నియా 2018లో కాలిబాట మీద తిండి అమ్ముకోవడం నేరం కాదని చట్టం చేసింది, ఇంటి వంటగదిలో వండి అమ్ముకోవడానికి అనుమతులిచ్చే మరో చట్టాన్నీ అదే ఏడాది తెచ్చింది. రుచిని మెచ్చుకోవడంతో ఆగకుండా వండేవాళ్ళకి చట్టం తోడు నిలిచింది. నాకు నచ్చింది అది.

మనకీ ఇలాంటి కథ ఇంటి దగ్గరే ఉంది. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు రంగూన్ నుంచి తెలుగువాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర వాళ్ళకి చోటిచ్చారు, దాన్ని బర్మా క్యాంప్ అంటారు. అక్కడ బర్మా నూడుల్స్ అమ్మి బతికినవాళ్ళు తెలుగువాళ్ళే, తెచ్చింది పరాయి దేశపు రుచి. విశాఖ వాళ్ళని వెలివేయలేదు, తినడం నేర్చుకుంది.

చట్టం కాగితం మీద, బండి రోడ్డు మీద

మన దేశంలో చట్టం లేదనడానికి లేదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయ్యి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని అందులో స్పష్టంగా ఉంది. పట్టణ వ్యాపార కమిటీల్లో నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. 2020 జూన్‌లో స్వనిధి పథకం పెట్టి పూచీకత్తు లేకుండా పదివేల రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. తీర్చినకొద్దీ అప్పు పరిమితి పెరుగుతుంది. మంచి పథకం, నేను మెచ్చుకుంటాను. కానీ బండివాడికి రోజూ ఎదురయ్యేది చట్టం కాదు, లాఠీ, మున్సిపాలిటీ లారీ. బండి ఎత్తుకుపోతే దాంతో పాటు ఆ రోజు కలిపిన పిండి, రాజేసిన బొగ్గు, రెండు రోజుల సంపాదన పోతాయి. ఇంటి నుంచి డబ్బాలు పంపే ఇల్లాలి పరిస్థితి ఇంకా అధ్వానం. ఆమె వీధి వ్యాపారి లెక్కలోకి రాదు, హోటల్ లెక్కలోకీ రాదు. ఇంటి యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు వంటగదితో సహా పోవాలి.

వండేవాళ్ళకి కావలసింది సానుభూతి కాదు. పేట మధ్యలో నీళ్ళు, డ్రైనేజీ, మంటలు ఆర్పే ఏర్పాటు ఉన్న ఉమ్మడి వంటగదులు కావాలి. పూటకింత అని అద్దె కట్టి వాడుకునేలా ఉండాలి. పొద్దున బిహార్ ఇల్లాలు డబ్బాలు కట్టుకుంటుంది, సాయంత్రం మణిపూర్ అమ్మ ఎరోంబా మెదుపుకుంటుంది. కోచింగ్ భవనాల్లో అగ్ని ప్రమాదాల తర్వాత ఇది విలాసం అనడానికి వీల్లేదు, ఇరుకు గదుల్లో సిలిండర్ల మీద వంట చేయించడం కన్నా ఇదే క్షేమం. పంజాబీలు ఉమ్మడి తందూరు పెట్టుకున్న గడ్డ మీద ఇది కొత్త ఆలోచన కూడా కాదు.

తెలుగు పాఠకులకి నేను చెప్పేది రెండు మాటలు. మీ పిల్లలు చదువుకోవడానికి ఢిల్లీ వెళ్తుంటే ఆవకాయ జాడీ, కందిపొడి ఎలాగూ కట్టిస్తారు. దాంతో పాటు, వారానికొక పూట తమది కాని ఊరి వంట తినమని, తిన్నదాన్ని దాని పేరుతోనే పిలవమని చెప్పి పంపండి. ఎరోంబాని ఎరోంబా అనాలి, లిట్టీని లిట్టీ అనాలి. బేరమాడకుండా డబ్బు ఇవ్వాలి.

రెండోది మన ఊళ్ళ సంగతి. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు హోటళ్ళలో, మాల్స్‌లో, సెలూన్లలో వేలాదిమంది ఈశాన్య రాష్ట్రాల పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళు గది అడిగితే ‘వంట వాసన’ అని వెనక్కి పంపే ఇంటి యజమానులు మనలోనూ ఉన్నారు. ఈ ఆదివారం ఈ కథనం చదివినవాళ్ళలో అద్దెకి ఇచ్చే గది ఉన్నవాళ్ళెవరైనా ఉంటే, తర్వాత ఆ గది అడగడానికి వచ్చినవాళ్ళని ఏం తింటారని అడగకండి. తాళంచెవి ఇవ్వండి.